చికాగోలో సుభద్ర మేడమ్ చెప్పిన మాట

పోయిన వారం భిలాయిలో, సుపేలా దగ్గర షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్న పెద్దావిడ చేతిసంచిలోంచి చిన్న సీసా తీసి, మూత తిప్పి, కణతలకు నొప్పుల బామ్ రాసుకుంది. ఆ ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, బయటి హారన్లూ ఎండా బస్సుల పొగా అన్నీ ఎటో పోయాయి. నేను విమానంలో కిటికీ పక్క సీట్లో బిగుసుకుని కూర్చున్న పదకొండో తరగతి పిల్లనైపోయాను. నా పక్కన సుభద్ర మేడమ్. జరీ అంచు చీర కింద కొత్త స్పోర్ట్స్ బూట్లు, ఒళ్ళో జంతికల డబ్బా, నుదుటికి దట్టంగా పట్టించిన బామ్. విమానం నేల వదిలినప్పుడు ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, వెనక సీట్లలో ఉన్న పిల్లలందరికీ వినపడేలా హిందీలో చెప్పింది: "నాకూ ఇదే మొదటిసారి. నాకూ భయంగానే ఉంది. ఎవరికైనా ఏడుపొస్తే ఏడవండి, పరవాలేదు." ఎవరూ ఏడవలేదు. అందరం పకపకా నవ్వాం. ఆ నవ్వుతోనే మా భయం సగం దిగిపోయింది.

సుభద్ర మేడమ్ మా స్కూల్లో భూగోళం చెప్పేది. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి ఉక్కు ప్లాంటులో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ సెక్టర్ 6 క్వార్టర్లలోనే. క్లాసులో పాఠమంతా హిందీ, ఇంగ్లీషుల్లో సాగేది. బయట వరండాలో మాలాంటి తెలుగు పిల్లలు ఎదురైతే మాత్రం, "ఏటే, అన్నం తిన్నావా?" అని పలకరించేది. సగం హిందీ కలిసిన మా తెలుగు విని నవ్వేది కానీ వెక్కిరించేది కాదు. పిల్లలు అడిగినదానికి జవాబు తెలియకపోతే ఆవిడ తడుముకునేది కాదు. ఒకసారి ఎవరో, ఎడారిలో రాత్రిపూట అంత చలి ఎందుకేస్తుందని అడిగారు. అప్పటికి ఆవిడకు సరిగ్గా చెప్పడం రాలేదు. "నాకు సరిగ్గా తెలీదు, రేపు చెప్తాను" అంది. మరునాడు హాజరు కూడా తీసుకోకముందే ఆ సంగతి వివరించింది. టీచరు నోట 'తెలీదు' అన్న మాట మేం అంతకుముందు వినలేదు. ఆవిడ తెలుసు అని చెప్పినవన్నీ మేం గట్టిగా నమ్మడానికి కారణం అదేనేమో.

ఆ ఏడాది మా స్కూలు పెద్ద తరగతుల పిల్లలను కెనడా, అమెరికా నగరాలు చూపించడానికి తీసుకువెళ్ళింది. మొదట టొరంటో, తర్వాత చికాగో, చివరికి న్యూయార్క్. ఇంట్లో నాన్న సందేహించాడు. ఆడపిల్లను అంత దూరం పంపడమా అన్నాడు. ఒప్పించింది నానమ్మ. అమ్మానాన్నా ఉన్నా నేను నానమ్మ పక్కలోనే పడుకుని, ఆవిడ కలిపిన ముద్దలు తింటూ పెరిగాను. "ఎల్లనీరా దాన్ని. నానెలాగూ విజీనారం దాటి ఇక్కడికొచ్చి ఆగిపోనాను. అదైనా సూసొచ్చి నాకు సెప్తాది" అంది నాన్నతో. బయలుదేరే రోజున గుమ్మం దాకా వచ్చి, రోజూ ఫోన్ చెయ్యమని ఒట్టు వేయించుకుంది.

ఒట్టు తప్పలేదు. నయాగరా జలపాతం దగ్గర తుంపర్లలో తడుస్తూ వీడియో కాల్ చేశాను. మనకు సాయంత్రం అది. నానమ్మ మంచం మీద కూర్చుని ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇన్ని నీళ్ళు ఊరికే పోతన్నాయేటే? మన కొళాయి సూడు, పొద్దున్నించీ గాలి తప్ప ఏటీ రాలేదు" అంది. వెనకనుంచి మేడమ్ తొంగిచూసి, "పిన్నీ, బిందె తెచ్చుకోవలసింది కదా!" అని అరిచింది. ఇద్దరూ ఒకరినొకరు చూసింది ఆ ఒక్కసారే. ఏనాటి నుంచో తెలిసినవాళ్ళలా నవ్వుకున్నారు.

చికాగో చేరిన రోజు ఫోన్ చేస్తే నాన్న ఎత్తాడు. నానమ్మ పడుకుందన్నాడు. మరునాడు చేస్తే పక్క ఊరు ఉతైలో చుట్టాలింటికి వెళ్ళిందన్నాడు. నానమ్మ అలా చెప్పకుండా ఎక్కడికీ వెళ్ళదు కదా అని అనిపించింది కానీ, నాన్న గొంతు మామూలుగానే ఉంది. ఇంకా చెప్పాలంటే మామూలుకంటే హుషారుగా ఉంది. సరస్సు ఒడ్డున ఉన్న ఆ పెద్ద పెద్ద భవనాలు ఎలా ఉన్నాయి, ఏం తింటున్నావు అని నన్నే గుచ్చిగుచ్చి అడిగాడు. నేను ఉత్సాహంగా అన్నీ చెప్పాను. ఆ పూట సుభద్ర మేడమ్ భోజనం దగ్గర ఏమీ తినలేదు. నేను చూసినప్పుడల్లా చూపు పక్కకు తిప్పుకుంది. ఆవిడకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

తర్వాతి రోజు ఉదయం మిగతా పిల్లలు ఇంకో మాస్టారితో కలిసి ఎత్తైన భవనం ఎక్కడానికి బయలుదేరారు. మేడమ్ నన్ను ఆపింది. "నువ్వు నాతో రా. బట్టలుతుక్కోవాలి" అంది. హోటల్ వీధి చివర బట్టలుతికే మిషన్లున్న దుకాణం ఒకటి ఉంది. గోడ పొడవునా గుండ్రటి అద్దాల తలుపులతో మిషన్లు. అప్పుడే తెరిచారు, మేం తప్ప ఎవరూ లేరు. మేడమ్ బట్టలు వేసి, మిషన్ తిప్పి, బల్ల మీద నా పక్కన కూర్చుంది. నా చెయ్యి పట్టుకోలేదు. నా ముఖంలోకి సూటిగా చూసింది.

"సంధ్యా, నీకొక మాట సెప్పాల. మంచి మాట కాదు. మీ నానమ్మ పోయింది."

నాకు అర్థం కాలేదు. "ఉతై వెళ్ళింది కదా?" అన్నాను.

"లేదమ్మా. మొన్న పొద్దున్న నిద్దట్లోనే పోయింది. గుండె ఆగిపోయిందన్నారు. దహనం కూడా అయిపోయింది. నీకు సెప్పొద్దని మీ నాన్నగారు నాతో అన్నారు. ఇంటికొచ్చేదాకా నీ సరదా పాడవకూడదని ఆయన తాపత్రయం. రెండ్రోజులు నానూ సెప్పలేదు. ఇంక నావల్ల కాలేదు."

నేను ఏం చేశానో నాకు వరుసగా గుర్తులేదు. ఆవిడ చెయ్యి వేయబోతే విదిలించి లేచాను. మీరంతా అబద్ధాలకోరులన్నాను. నాన్న మీద, ఆవిడ మీద, నిన్న నేను ఫోనులో చెప్పిన కబుర్ల మీద, అన్నిటి మీదా కోపం వచ్చింది. గోడవైపు తిరిగి నిలబడి ఏడ్చాను. మేడమ్ నన్ను ఊరుకోమనలేదు. పెద్దావిడ, అదృష్టవంతురాలు, బాధ పడకుండా పోయింది వంటి మాటలేవీ అనలేదు. నేను తిరిగి వచ్చి బల్ల మీద కూలబడేదాకా అలాగే కూర్చుని ఉంది. అప్పుడు తన సంగతి చెప్పింది.

ఆవిడ రాయపూర్‌లో హాస్టల్లో ఉండి బి.ఎడ్. చదివే రోజుల్లో వాళ్ళమ్మ పోయింది. పరీక్షలు పాడవుతాయని ఎవరూ కబురు చెయ్యలేదు. "ఆఖరి పరీక్ష రాసేసి, అమ్మకి గాజులు కొన్నాను. బస్సులో పాటలు పాడుకుంటా వచ్చాను. గుమ్మంలోకొచ్చి సూస్తే నాన్న గుండుతో ఉన్నాడు. ఊరందరికీ తెలుసు, వీధిలో ఆడుకునే పిల్లలకి తెలుసు, నాకొక్కదానికే తెలీదు. పరీక్ష పాసయ్యాను. ఆ గాజులతో గుమ్మంలో నిలబడ్డం మాత్రం ఇప్పటికీ నా ఒంట్లోంచి పోలేదు. నువ్వు అలా గుమ్మంలో నిలబడకూడదు."

తర్వాత ఆవిడ తన ఫోను తీసి నాన్నకు కలిపింది. "సెప్పేశానండి" అంది. నాన్న అరుపులు నాకు కూడా వినిపించాయి. నా కూతుర్ని మీ మీద నమ్మకంతో పంపితే ఇలాగా చేసేది, మీకు చెప్పొద్దన్నాను కదా, పరాయి దేశంలో దానికేమైనా అయితే ఎవరు చూస్తారు అని. మేడమ్ అడ్డు చెప్పలేదు. ఆయన గొంతు అలసిపోయాక, "మీరు తిట్టండి, నాను పడతాను. ముందు పిల్లతో మాటాడండి" అని ఫోను నాకిచ్చింది. నేను "నాన్నా" అన్నాను. ఉన్నట్టుండి నాన్న బావురుమన్నాడు. "మా యమ్మ ఎల్లిపోనాదే సంధ్యా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాతో మాట్లాడిన ప్రతిసారీ ఆ ఏడుపును అదిమిపెట్టుకుని హుషారు తెచ్చుకున్నాడని అప్పుడు తెలిసింది. తల్లి పోయిన మనిషి, చికాగోలో భవనాలు ఎలా ఉన్నాయని కూతుర్ని అడుగుతూ గడిపాడు. ఆ రోజు మేమిద్దరం కలిసి ఏడ్చాం. వెనకాల మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి.

"ఇప్పుడే ఎల్లిపోదామంటే నానే తీసికెళ్తాను. ఉంటానంటే ఉందాం. నీ ఇష్టం" అంది మేడమ్. నాన్ననే అడిగాను. పెద్దకర్మకు ఎలాగూ అందుకుంటావు, అన్నీ చూసి రమ్మనే కదా నానమ్మ పంపించింది, అన్నాడు. ఉండిపోయాను. బట్టలు ఆరేదాకా, మడతలు పెట్టేదాకా మేం ఆ దుకాణంలోనే ఉన్నాం. మిగతావాళ్ళు ఆ భవనం పైన ఆకాశంలో నిలబడినట్టు దిగిన ఫోటోల్లో మేమిద్దరం లేము. ఆ భవనం ఎక్కాలని మేడమ్‌కి ఎంత కోరికో భిలాయిలో బయలుదేరక ముందునుంచీ అందరికీ తెలుసు. ఆవిడ మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

న్యూయార్క్‌లో నేను దాక్కోకుండా ఏడ్చాను, నవ్వు వచ్చినప్పుడు నవ్వాను కూడా. పిల్లలందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. మా బ్యాచ్‌లో అల్లరి పిల్ల నేహా, నగరం చూడటానికి మేం ఎక్కిన ఓడలో నా పక్కన చేరి, "మీ నానమ్మ ఏం వండేది?" అని అడిగింది. బెండకాయ పులుసు గురించి దానికి హిందీలో వర్ణించి చెప్పాను. రాయపూర్ విమానాశ్రయంలో నాన్న గుండుతో నిలబడి ఉన్నాడు. నేను నేరుగా పరుగెత్తి ఆయన్ను పట్టుకున్నాను. ఆయన నాకు ఏమీ వివరించవలసిన పని లేకపోయింది.

మేడమ్ నాకు చెప్పేసిన రోజే నాన్న కోపంలో స్కూలుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేశాడట. కన్నతండ్రి వద్దన్న మాట ఎలా చెబుతారని ప్రిన్సిపాల్ సుభద్ర మేడమ్‌ని నిలదీశారు. "తప్పే సార్. అయినా మళ్ళీ అలాంటిదొస్తే మళ్ళీ సెప్తాను" అందట. మరుసటి ఏడాది ప్రయాణానికి ఆవిడను పంపలేదు. ఆ సంగతి తెలిసిన ఆదివారం నాన్న నన్ను స్కూటర్ ఎక్కించుకుని సెక్టర్ 6లో వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. దారంతా ఏం మాట్లాడాలో సాధన చేసుకుంటూ గొణుక్కున్నాడు. తీరా ఆవిడ తలుపు తీసేసరికి, "మేడమ్, కొంచెం టీ ఇప్పిస్తారా?" అన్నాడు. మేడమ్ నవ్వి పక్కకు జరిగింది. ఆ టీతో మొదలై రెండు కుటుంబాలూ చుట్టాలకంటే ఎక్కువైపోయాయి. నేను నర్సింగ్‌లో చేరతానంటే నాన్నను ఒప్పించిందీ ఆవిడే.

మూడేళ్ళ కిందట ఆవిడకు కడుపులో పెద్ద జబ్బు బయటపడింది. వాళ్ళబ్బాయి శేఖర్, నేను పనిచేసే ఆసుపత్రి వరండాలో నన్ను పక్కకు పిలిచాడు. "దీదీ, అమ్మకి మాత్రం సెప్పొద్దు. అల్సర్ అని సెప్పాం. తట్టుకోలేదు" అన్నాడు. చెప్పేస్తానని నేను బెదిరించలేదు. అతన్ని క్యాంటీన్‌లో కూర్చోబెట్టి చికాగోలో బట్టలుతికిన ఉదయం సంగతంతా చెప్పాను. వాళ్ళమ్మ అతనికి ఎప్పుడూ చెప్పలేదట. "నువ్వే సెప్పు. నేను పక్కనే ఉంటాను" అన్నాను.

ఆ సాయంత్రమే చెప్పాడు. మాటలు తడబడ్డాయి, సగం హిందీలో, సగం తెలుగులో. మేడమ్ పూర్తిగా విన్నది. "ఒరే, నా ముందు నవ్వుతా కూకుని, ఏడవడానికి బాత్రూంలోకెళ్తన్నావని నాకు తెలీదనుకున్నావేటి? ఇటు రా" అంది. అతను తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆవిడ అతని జుట్టు నిమురుతూ నావైపు చూసి, "ఈడ్ని కూడా నువ్వే సెడగొట్టావా?" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి, నవ్వూ ఉంది. తర్వాత మిగిలిన నెలల్ని ఆవిడ తనకు నచ్చినట్టు వాడుకుంది. కళింగపట్నంలో అక్క దగ్గరికి వెళ్ళి సముద్రం ఒడ్డున కూర్చుని వచ్చింది. ఏ చీర ఎవరికో తనే పంచిపెట్టింది. చేయించుకోవలసిన వైద్యమేదో, వద్దనుకున్నదేదో తన నోటితో డాక్టరుకు చెప్పింది. వానలు వెళ్ళాక, శేఖర్ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ ధైర్యం నాకు అబ్బిందని చెప్పను. ఇప్పటికీ చెడ్డ కబురు చెప్పవలసి వస్తే ముందు ఇంకేదో పని కల్పించుకుంటాను. చాలాకాలం నేను, ఆ రోజు మేడమ్ చేసిన గొప్ప పని నిజం చెప్పడమే అనుకునేదాన్ని. నర్సుగా ఆసుపత్రి వార్డులో ఇన్నేళ్ళు తిరిగాక ఇంకో సంగతి తెలిసింది. నిజం చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. మా డాక్టర్లు చెబుతారు, వాళ్ళ కోసం ఇంకా పదిమంది ఎదురుచూస్తుంటారు కాబట్టి పక్క మంచానికి వెళ్ళిపోతారు. అప్పుడు నేను స్టూలు దగ్గరగా లాక్కుని కూర్చుంటాను. అవతలివాళ్ళు ఏడుస్తారు, ఒక్కోసారి కోపం నామీద చూపిస్తారు, ఒక్కోసారి గోడవైపు తిరిగిపోతారు. బయటినుంచి ఎవరో నా పేరు పెట్టి పిలుస్తుంటారు. వస్తున్నానని చెయ్యి ఊపుతాను కానీ, ఆ మనిషి మళ్ళీ నావైపు తిరిగేదాకా లేవను.