నీళ్ల మీద గ్లాండ్ కట్టిన కొమురన్న

కొమురన్న ఇక లేడన్న మాట మా షెడ్డు వాళ్లు పంపిన మెసేజీలో చూశాను. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని, తప్పు చదివానేమో అని మళ్లీ మొదటి నుంచి కూడబలుక్కున్నాను. అవే అక్షరాలు, అదే అర్థం. పొద్దున ఛాతీలో నొప్పి అన్నాడట. హబ్సిగూడలో దవాఖానాకు చేర్చేలోపే ప్రాణం పోయిందట. ముందురోజు సాయంత్రం నాతో చాయ్ తాగి, "రేపు జల్ది రా చెల్లె, పెద్ద పంపు విప్పాలె" అన్న మనిషి.

నాచారం పారిశ్రామికవాడలో పంపు కారుతోందంటే మొదట తలిచే పేరు ఆయనదే. జనగామ దిక్కు నుంచి కూలికి వచ్చి, పని నేర్చి, సొంత షెడ్డు పెట్టుకున్నాడు. తిరిగే షాఫ్టు వెంట ద్రవం కారకుండా దాని చుట్టూ జిడ్డు పట్టించిన తాడు చుట్టలు దూర్చి మరలు బిగిస్తారు. దాన్నే మేము గ్లాండ్ కట్టడం అంటాం. ఆ తాడును కొలతకు కోసి ఇవ్వడం నా పని. వంకరగా కోస్తే, "తాడు కోసినవా, తోటకూర తరిగినవా?" అని ఎత్తిపొడిచేవాడు. మందుల కంపెనీల్లో యాసిడ్ ఒక్క బొట్టు పడినా కాలు కాలుతుంది. అందుకే బొట్టు కనబడకుండా బిగించడం ఆయన చేతికి అలవాటైపోయింది.

బిగించాక వెళ్లిపోయేవాడు కాదు. పంపు నడిచాక దాని మీద చేయి పెట్టి వేడి చూసేదాకా కదిలేవాడు కాదు. ఒక సూపర్‌వైజరు పని అయిపోయింది కదా, పొమ్మంటే, "కట్టుడు అయింది సార్, నడుసుడు కాలె" అన్నాడు.

ఆ గుణానికి అసలు పరీక్ష ఒక వానాకాలంలో వచ్చింది. ఉప్పల్‌లో చెరువు కింది బస్తీలో మేము కిరాయికి ఉండేవాళ్లం. పురుటికి వచ్చిన నా బిడ్డ సరిత అప్పుడు పచ్చి బాలింత. నేను షెడ్డుకు వచ్చాక చెరువు అలుగు పొంగి బస్తీ మునిగింది. పసిగుడ్డుతో ఇంటి ఓనర్ల మేడ ఎక్కానని, నీళ్లు మెట్లు ఎక్కుతున్నాయని సరిత ఫోన్ చేసింది. ఆ తర్వాత ఫోన్ కలవలేదు.

అంతలోనే సైదులు కొమురన్నకు ఫోన్ చేశాడు. చెరువులో గుర్రపుడెక్క తీసే ఇంజన్ పడవను అతను నడుపుతాడు. పడవ బస్తీ అంచునే ఉందట గానీ, ప్రొపెల్లర్ షాఫ్టు లోపలికి వచ్చే చోట గ్లాండ్ చెడి నీళ్లు ధారగా వస్తున్నాయట. అలాంటి పడవలో జనాన్ని ఎక్కించలేనన్నాడు. కొమురన్న అంతవరకు పడవ ముట్టినవాడు కాదు. తాడు, గ్రీజు డబ్బా, మరలు తిప్పే పానాలు సంచిలో వేసి, నన్ను బండి ఎక్కించుకున్నాడు.

పడవను ఒడ్డుకు లాగే వీలు లేదు. నీళ్లలో ఉండగా పాత తాడు తీస్తే ఆ రంధ్రం నుంచి వరద ఎగదన్నుతుంది. ఆయన ఛాతీ లోతులో దిగి, బయటివైపు షాఫ్టు చుట్టూ గ్రీజు పూసిన గోనెపట్టా కూరాడు. లోపలికి వచ్చి మరలు విప్పి, కొక్కెంతో కుళ్లిన తాడు లాగాడు. అయినా నీళ్లు వస్తూనే ఉన్నాయి. సైదులు బకెట్‌తో తోడుతున్నాడు. నా చూపు బస్తీ దిక్కు పోయి ఒక చుట్ట పొట్టిగా తెగింది. కొమురన్న తిట్టలేదు. "బిడ్డను మనసుల పెట్టుకో, చూపు తాడు మీద పెట్టు" అన్నాడు.

అతుకులు ఒక వరుసలో పడకుండా చుట్టలు దూర్చి, ఒక్క బొట్టు రాకుండా బిగించాడు. బయటి గోనె తీసేసినా లోపల పొడిగానే ఉంది. ఇక ఒడ్డున ఉండిపోవచ్చు. కానీ సంచితో సహా పడవ ఎక్కాడు.

"ఈత వస్తదా అన్నా?" అన్నాడు సైదులు.

"రాదు. గందుకే గట్టిగ బిగించిన."

సగం దారిలో కాలిన వాసన వచ్చింది. గ్లాండ్ దగ్గర పొగ లేచి, ఇంజన్ గుంజుకుని ఆగిపోయింది. వరద మమ్మల్ని పక్కకు తోసి ఒక ప్రహరీకి కొట్టింది. సైదులు గేటు ఊచలు పట్టుకుని పడవను ఆపాడు. అక్కడి నుంచి మా ఓనర్ల మేడ కనబడుతోంది. పిట్టగోడ దగ్గర సరిత. చేతుల్లో బట్టల మూట. ఆ మూట కదులుతోందో లేదో అంత దూరానికి తెలియదు.

కొమురన్న గ్లాండ్ మీద చేయి పెట్టి చటుక్కున తీశాడు. అరచేయి కాలింది. "తప్పు జేసిన సైదులు" అన్నాడు. పంపు బయటికి కారుతుంది, పడవ లోపలికి, మనుషుల మీదికి కారుతుంది. అందుకని ఒక్క బొట్టూ రావద్దనుకున్నాడు. తిరిగే షాఫ్టుకు కొన్ని బొట్ల తడైనా అందాలి, అది అందక తాడు మాడి షాఫ్టును పట్టేసింది.

మరలు వదులు చేయబోతే సైదులు ఆయన చేయి పట్టుకున్నాడు.

"పాగలా అన్నా? నీళ్లు లోపటికొస్తయి."

"రానియ్యి. దాని గొంతు తడవాలె."

"ఎక్కువొస్తే?"

"నేను ఈడనే కూసుంట. చెల్లెనడుగు, బిడ్డ ఆమెది."

సైదులు నా మొహం చూశాడు. ఆ నీళ్లు ఆగాలని అందాకా అందరు దేవుళ్లకు మొక్కినదాన్ని. తల ఊపాను.

మొదట ధారే వచ్చింది. ఆయన కాస్త బిగించాడు, మళ్లీ వదిలాడు. ధార తెగి బొట్లయింది. షాఫ్టు చల్లబడేదాకా ఇంజన్ ముట్టనివ్వలేదు. సరిత అమ్మా అని పిలుస్తోంది, మేము కదలడం లేదు. ఆ కాసేపు నేను ఎలా బతికానో నాకే తెలియదు.

ఇంజన్ తిరిగింది. దారి పొడుగునా కొమురన్న గ్లాండ్ పక్కనే నీళ్లలో కూర్చుని, కాలని చేత్తో వేడి చూస్తూ, మరను కొద్దికొద్దిగా సర్దుతూ వచ్చాడు. నేను చెంబుతో తోడాను.

మెట్ల దగ్గర సరిత పసిదాన్ని కిందికి అందించింది. దగ్గరున్నది ఆయనే. అయినా చేతులు వెనక్కి తీసుకుని, "గ్రీజున్నది, నువ్వు పట్టు చెల్లె" అన్నాడు. పసిదాని ఒళ్లు చల్లగా ఉంది. రొమ్ముకు అదుముకుంటే, కాసేపటికి ఏడ్చింది. ఆ ఏడుపు విని ఆయన తల తిప్పుకున్నాడు.

తర్వాత చాయ్ హోటల్లో ఎవరైనా పొగిడితే, "మొదాలు ముంచబోయింది గూడ నేనే" అని తానే చెప్పి నవ్వేవాడు.

సాగనంపే రోజు సరిత పిల్లను చంకనేసుకుని వచ్చింది. పాడె దగ్గర ఆయన చుట్టాల్లో ఒక పెద్దాయన, "నువ్వేమైతవు బిడ్డా?" అని అడిగాడు. సరిత తడబడకుండా "మా మేనమామ" అంది. ఆ ఇంటి బంధుత్వాలన్నీ ఎరిగిన మనిషి నా దిక్కు చూశాడు. "అవు, మా అన్న" అన్నాను. ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు. సరిత పిల్ల చేత పాదాలు మొక్కించింది.

నాకు తోడబుట్టినవాళ్లు లేరు. దొరికిన ఒక్క అన్నను మట్టికి అప్పగించి వచ్చి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. కొమురన్నా, నీకు శనార్తులు.