దానియేలు కొన్న వైడు లెన్సు

పలాస, కాశీబుగ్గల్లో వీడియో కెమెరా ఉన్నవాళ్లు ఆ రోజుల్లో పది మంది ఉంటే, వాళ్లలో పెళ్లిళ్లంటే మొహం చాటేసేవాడు దానియేలు ఒక్కడే. పెళ్లి వీడియోలో వధువు ముఖం గులాబీ పువ్వులోంచి విచ్చుకుని రావాలి, వరుడు మంచు కొండ మీద తేలాలి. అవి చేయడం రాక కాదు. వచ్చు. చేసినప్పుడల్లా పని చేసినట్టు ఉండేది కాదు.

అతనిది టెక్కలి పక్క పల్లె. తండ్రి గ్రానైటు క్వారీలో రాయి కొట్టేవాడు. పదో తరగతి తప్పాక కొడుకుని కాశీబుగ్గలో రేడియోలు బాగుచేసే షాపులో పెట్టాడు. అక్కడ ఎవరూ కూర్చోబెట్టి ఏదీ చెప్పలేదు. చూసి కొంత, పాడుచేసి కొంత నేర్చుకున్నాడు. ఇరవై రెండేళ్లకి బాప్టిస్టు సంఘం మైకుసెట్టు అతని చేతికి వచ్చింది. ఆదివారం పాస్టరుగారి ప్రసంగం ఎంతసేపు సాగినా దానియేలు చెవి మాత్రం ఆంప్లిఫయరు గురగుర మీదే ఉండేది. 2001లో దుబాయి నుంచి వచ్చిన ఒకాయన పాడైన హ్యాండీక్యాము తెచ్చి ఇచ్చాడు. అది బాగయ్యాక, మళ్లీ పాడైతే మోసుకు తిరగలేనని చెప్పి అతనికే అమ్మేశాడు. సముద్రపు ఉప్పుగాలికి అద్దాల లోపల బూజు పడుతుందని తెలుసుకుని, దానియేలు ఆ కెమెరాని బియ్యం పోసిన డబ్బాలో గుడ్డ చుట్టి పెట్టేవాడు. అతని భార్య జ్ఞానసుందరి, ఇంట్లో తనకంటే దానికే మంచి చోటు దొరికిందని అంటూ ఉండేది.

అతనికి నచ్చిన పని వేరే ఉంది. ఉద్దానం ఊళ్లవాళ్లు అప్పుడప్పుడు వచ్చి, పెళ్లీ పుట్టినరోజూ ఏదీ లేకుండానే, "ఇంట్లో అందరం ఉన్నప్పుడు ఒకపాలి తీసి పెట్టు బావా" అని అడిగేవారు. ఎందుకని అతను అడిగేవాడు కాదు. కిడ్నీ జబ్బుతో మనుషులు పోతున్న ఊళ్లవి. బాగున్నప్పుడే తీయించుకోవాలన్న మాట ఎవరూ పైకి అనరు.

చిక్కల్లా ఇళ్లతోనే. కొబ్బరి తోటల్లో విశాలంగా తిరిగే మనుషులు పదడుగుల గదుల్లో ఉంటారు. గోడకి వీపు ఆనించి నిలబడినా కెమెరాలో ముగ్గురే పట్టేవారు. పక్కకి తిప్పుకుంటూ తీస్తే, ఒకరు నవ్వే సమయానికి ఇంకొకరు తల దించుకునేవారు. బయటికి వెళ్లి కిటికీలోంచి తీస్తే ఊచలు అడ్డం. కెమెరా ముందు బిగించే వైడు లెన్సు ఉంటే గది అంతా పడుతుందని ఒక పాత పత్రికలో బొమ్మ చూసి, 2004 మాఘమాసంలో బరంపురం వెళ్లాడు.

షాపులో రెండు రకాలున్నాయి. ఒకటి చూపుని బాగా వెడల్పు చేస్తుంది, మనుషులు సగానికి సగం చిన్నగా కనబడతారు. రెండోది అంత చేయదు. దానియేలు రెండింటినీ కెమెరాకి బిగించి, గుమ్మంలో నిలబడి ఎదుటి వీధి చూశాడు. రెండో దాంట్లో వీధి మామూలుగానే ఉంది గాని చివరి షాపు తెగిపోయింది. మొదటి దాంట్లో వీధి మొత్తం పడింది. అయితే అంచుల్లో ఉన్న కరెంటు స్తంభాలు విల్లులా వంగాయి.

"గీతలు వంగుతున్నాయి" అన్నాడు.

షాపాయన ఒడియా యాసతో నవ్వాడు. "ఇంట్లో గీతలు ఎవరు చూస్తారు బాబూ. మనుషులని చూస్తారు. మనుషులు వంగరు కదా."

ఎవరి మాటనీ చేత్తో పరీక్షించకుండా నమ్మని దానియేలు ఆ మాట నమ్మాడు. అందరూ పట్టాలన్నదే అతనికి కావలసింది. వెడల్పుదే కొన్నాడు.

దాంతో తీసిన మూడో ఇల్లు కవిటి దగ్గర వైకుంఠరావుది. వైకుంఠరావు ఆటో నడుపుతాడు. తండ్రి పోయి నాలుగేళ్లు. కిడ్నీలు పాడై, చివరి ఏడాది విశాఖపట్నం ఆసుపత్రికి తిప్పుతుండగా పోయాడు. ఆయనది రేషను కార్డు ఫోటో తప్ప ఇంకేమీ మిగల్లేదు. అందుకే అమ్మా, భార్య భారతీ, రెండేళ్ల కొడుకూ, తోటలో పనిచేసే ఇద్దరు చిన్నాన్నలూ కలిసి ఉన్న వీడియో ఒకటి కావాలన్నాడు.

గదిలో ఎదుటి గోడ పొడవునా మంచం, బల్ల వేసి అందరినీ కూర్చోబెట్టారు. నడుమ భారతి ఒళ్లో పిల్లాడు. వైకుంఠరావు తల్లి బొడ్డమ్మ మాత్రం బల్ల మీదికి రాలేదు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు. భర్త పోయినప్పటి నుంచి ఆవిడ పిల్లాడి బారసాలకైనా, ఫోటోకైనా అంతే. గుమ్మం పక్కన, కెమెరాకి దగ్గరగా, నేల మీద కూర్చుంది. దానియేలు కెమెరాలోంచి చూశాడు. ఆవిడ కూడా అంచున పడుతోంది. అది చాలనుకుని తీశాడు.

సీడీ ఇచ్చిన ఐదో రోజున వైకుంఠరావు ఆటో దానియేలు రిపేరు షాపు ముందు ఆగింది. దిగాడు గాని లోపలికి రాలేదు.

"ఆ సీడీ ఇంకెవుళికీ సూపించకు బావా" అన్నాడు.

"ఏం, బాగా రాలేదా?"

"బాగానే వొచ్చింది. అమ్మ మొకం సూసినావా నువ్వు?"

దానియేలు చూడలేదు. కాసెట్టు నుంచి సీడీకి ఎక్కించేటప్పుడు రంగూ శబ్దమూ సరిచూశాడు. ముఖాలు చూడలేదు.

"ఉబ్బిపోనాది. బుగ్గలు, కళ్ల కింద. నాన్నకి ఆకర్న ఎలాగున్నాదో అలాగే. ఇంట్లో రోజూ సూత్తన్నం గదా, మాకు తెల్నేదు. టీవీలో సూసీసరికి తెలిసింది. పక్కింటోలు కూడా సూసినారు. రక్తం పరీక్ష సేయించుదాం రాయే అంటే రానంటంది. మీ నాన్నని తిప్పినట్టు నన్ను తిప్పొద్దు, తెలుసుకుని ఏటి సేత్తావు అంటంది. ఉప్పు మానీసింది. కూడు కూడా మానీసినట్టే. గుంటడు ఒళ్లోకొత్తే దింపీసి, మీయమ్మ కాడికెల్లరా అంటంది."

"కెమెరాలో ఏదైనా తేడా..."

"ఆ మాట నానూ అనుకున్నాను. మరి మిగతావోలందరం బాగానే ఉన్నాం గదా. అమ్మొక్కతే ఎందుకుబ్బుద్ది?"

వైకుంఠరావు వెళ్లాక దానియేలు షాపు తలుపు దగ్గరగా వేసి, తన దగ్గర ఉంచుకున్న రెండో సీడీ పెట్టి చూశాడు. బొడ్డమ్మ ముఖం నిజంగానే ఉబ్బి ఉంది. కెమెరా వైపు ఉన్న బుగ్గ ఇంకా ఎక్కువ ఉబ్బింది. బొమ్మని ఆపి, ఆవిడని వదిలి, ఆవిడ చుట్టూ ఉన్నవి చూశాడు. గుమ్మం చెక్క విల్లులా వంగి ఉంది. పక్కనే ఉన్న స్టీలు బిందె ఒక వైపు సాగి గుమ్మడికాయలా ఉంది. బరంపురంలో వంగిన స్తంభాలు తనకి కనబడ్డాయి. కనబడీ ఒక మాటతో వదిలేశాడు. పని చేసేవాడు అలా వదిలేయకూడదు. అంతకంటే ఎక్కువసేపు దాన్ని తలుచుకుంటూ కూర్చోలేదు. కెమెరా, లెన్సు, టీవీకి కలిపే తీగ సంచిలో వేసుకుని కవిటి బస్సెక్కాడు.

వెళ్లేసరికి కరెంటు లేదు. రెండింటికి వస్తుందన్నారు. బొడ్డమ్మ వెనక అరుగు మీద జీడిపిక్కలు ఎండబోస్తోంది. ఇతన్ని చూసి చెంగు ముఖం మీదికి లాక్కుంది.

"మల్లీ తియ్యడానికొచ్చినావా నాయనా. ఒకపాలి తీసింది సాల్దా."

"తియ్యడానికి కాదత్తా. నా లెన్సు పరీక్ష చేసుకోవాలి. మీరు కూర్చుని చూస్తే చాలు."

కరెంటు వచ్చాక కెమెరాని మొన్న పెట్టిన చోటే పెట్టి, తీగతో టీవీకి కలిపాడు. కెమెరా ముందు ఏముంటే అది అప్పటికప్పుడు టీవీలో కనబడుతుంది. వైకుంఠరావుని గుమ్మం పక్కన, తల్లి కూర్చున్న చోట నేల మీద కూర్చోమన్నాడు.

టీవీలో వైకుంఠరావు దవడ పక్కకి సాగింది. బుగ్గ బూరెలా పొంగింది. కన్ను ఒకటి చిన్నదైంది.

భారతి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని దానియేలుతో అంది. "అన్నయ్యా, ఈ మొకంతోటి సంబందానికొచ్చుంటే నాను ఆ రోజే తలుపేసీదాన్ని."

"నీది ఏటి తక్కువా? రా, నువ్వూ కూకో" అన్నాడు వైకుంఠరావు.

భారతి కూర్చుంది. ఆమె ముఖమూ అంతే అయింది. చిన్నాన్న ఒకాయన, పిల్లాడు, చివరికి బిందె, ఒకదాని తర్వాత ఒకటి అక్కడ పెట్టి చూశారు. అన్నీ పొంగాయి. బొడ్డమ్మ వెనక గుమ్మంలోంచి చూస్తూ ఉంది. నవ్వలేదు.

"వోలందరివీ అక్కడ పొంగినాయి. నిజమే" అంది. "నాది మామూలు సోట ఎలాగుంటాదో ఎవుడికెరిక?"

"చూద్దాం. అక్కడ కూర్చోండి" అని దానియేలు బల్ల నడుమ చూపించాడు.

ఆవిడ కదల్లేదు. "నాను నడుమ కూకుంటానేటి. పక్కగా కూకుంటాను."

"పక్కగా అయితే మళ్లీ లెన్సు సాగదీస్తుంది. ఇది సరిగ్గా చూసేది నడుమే."

ఆవిడ కొడుకు వైపు చూసింది. వైకుంఠరావు టీవీ వైపు చూశాడు. భారతి మంచం చివరికి జరిగి, బల్ల మీద ఉన్న పిల్లాడి చొక్కా తీసి చోటు చేసింది. బొడ్డమ్మ కాళ్లకున్న మట్టి దులుపుకుని వచ్చి, బల్ల అంచున ఆనీ ఆననట్టు కూర్చుంది. చెంగు ముఖం మీంచి తనే తీసింది.

టీవీలో ఎముకలు తేలిన, ఎండకి నల్లబడిన ముఖం కనబడింది. బుగ్గలు లోపలికి ఉన్నాయి. బొడ్డమ్మ చాలాసేపు చూసుకుంది. తర్వాత లేచి, టీవీ మీంచి చూపు తిప్పకుండా, గుమ్మం వైపు ఒక్కో అడుగూ వేసింది. ముఖం పొంగడం మొదలైంది. ఆగింది. వెనక్కి వచ్చింది. తగ్గింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. లంగరు వేసిన పడవ ఎంత దూరం కొట్టుకుపోతుందో చూసుకునే మనిషిలా నాలుగుసార్లు తిరిగింది. పిల్లాడు అది ఆట అనుకుని ఆవిడ కొంగు పట్టుకుని వెంట తిరిగాడు. ఈసారి ఆవిడ వాణ్ని తల్లి దగ్గరికి పొమ్మనలేదు గాని, ఎత్తుకోనూ లేదు.

"అయితే నాకేటీ నేదా?" అని దానియేలుని అడిగింది.

లేదంటే అయిపోతుంది. అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారని అతనికి తెలుసు.

"అది నాకు తెలీదత్తా. సీడీలో ఉన్న వాపు నా లెన్సుది. అంతవరకే నాకు తెలుసు. ఒంట్లో సంగతి కెమెరా చెప్పలేదు. రక్తం చూస్తేనే తెలుస్తుంది."

బొడ్డమ్మ మళ్లీ వెనక అరుగు మీదికి వెళ్లిపోయింది. దానియేలు తీగ చుట్టుకుని వాకిట్లోకి వస్తే వైకుంఠరావు వెంట వచ్చాడు.

"ఏటీ నేదని ఒక్కమాటనీసుంటే ఏటి పోయీది బావా. కూడైనా తినీది."

"అని, రేపు ఏదైనా ఉంటే?"

"రేపటి సంగతి రేపు."

"నాకు తెలియని పని నేను చెయ్యను బావా. మొన్న అలా చేసే ఇంత అయింది."

వెనక నుంచి బొడ్డమ్మ గొంతు వినబడింది. ఇద్దరి మాటలూ ఆవిడకి వినబడ్డాయి.

"ఆయన్నెందుకురా పీకుతావు. తెలిసింది తెలుసన్నాడు, తెల్నిది తెల్దన్నాడు. రేపు పొద్దున్న నీ బండికి వేరే బేరం ఒప్పుకోకు. నన్ను ఆసుపత్రికి తీసుకెల్లు."

ఆ వారంలోనే దానియేలు బరంపురం వెళ్లి లెన్సు మార్చుకున్నాడు. షాపాయన ఏదో చెప్పబోతే వినకుండా, రెండో లెన్సు బిగించి, వీధి బదులు షాపాయన్నే గుమ్మం పక్కన నిలబెట్టి, దగ్గరగా, అంచున ఉంచి చూశాడు. ముక్కు కాస్త సాగింది గాని మనిషి మనిషిలాగే ఉన్నాడు. దీంతో పదడుగుల గదిలో ఇద్దరు తెగిపోతారు. రెండుసార్లు తీయాలి. తీస్తాననుకున్నాడు. అప్పటి నుంచి ఏ ఇంట్లోనైనా రికార్డు చేసే ముందు టీవీకి కలిపి, ఎవరి ముఖం ఎలా ఉందో వాళ్లనే చూసుకోమనేవాడు. దానికి అరగంట ఎక్కువ పట్టేది. ఆ అరగంట వీడియోలో కనబడదని తోటివాళ్లు వేళాకోళం చేసేవారు.

బరంపురం నుంచి వచ్చిన మూడో రోజున షాపు ముందు ఆటో ఆగింది. ఈసారి వైకుంఠరావు లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"అమ్మ కిడ్నీ లెక్క పాయింట్ తొమ్మిదంట బావా. ఇప్పటికేటీ నేదన్నారు. ఆరు నెలలకోపాలి సూపించుకోమన్నారు. వొచ్చినకాడి నుంచి సద్దికూడు కుండ ఒగ్గట్నేదు."

"మంచిది" అన్నాడు దానియేలు. చేతిలో ఉన్న టేపు రికార్డరు పని ఆపాడు. "మరి నువ్వో?"

వైకుంఠరావు ఆటో తాళం చెవి వేళ్ల మధ్య తిప్పాడు. "పరీక్ష కాయితానికెల్లినప్పుడు అమ్మ నన్నొగ్గనేదు. నీ సెయ్యి కూడా సాపరా అంది. సాపినాను. నాది రేపిత్తారంట."

"ఎన్నింటికి?"

"పదింటికి రమ్మన్నారు."

దానియేలు టేపు రికార్డరు మూత బిగించి, స్క్రూలు ఒక్కొక్కటే తిప్పాడు. రేపు షాపు మధ్యాహ్నం తీస్తానని, ఆటోలో తనకీ చోటుంచమని చెప్పాడు.