నాటుకు పిలిచిన కాగితాలు

నిన్న ఆరో తరగతిలో ఒక పిల్ల లేచి, "టీచర్, డ్యూ అంటే ఏంది?" అని అడిగింది. "రావలసినది" అన్నాను. లైబ్రరీ పుస్తకంలో అతికించిన చీటీ చూపించి, ఈ తేదీకి పుస్తకం తిరిగి రావాలి గనుక ఇక్కడ ఆ మాట రాస్తారన్నాను. రైలు రావలసిన వేళకూ, పెద్దలకు చెందవలసిన మర్యాదకూ అదే మాట వాడతారని కూడా చెప్పాను. పిల్ల తృప్తిగా కూర్చుంది. లక్సెట్టిపేట బడిలో, పాతిక మంది పిల్లల ముందు, నాకే ముఖం వెచ్చబడింది. చిన్నప్పుడు 'రావలసినది' అన్న మాట నేర్చుకున్న ఏడాదే దాన్ని నేను మా ఊరి మీద ప్రయోగించాను మరి.

అప్పుడు మేము సుల్తానాబాద్ దగ్గరి పల్లెలో ఉండేవాళ్లం. బడుల్లో ఉర్దూ పోయి తెలుగు వచ్చిన కొత్త. మా ఊళ్లో ఆడవాళ్లు నాట్లకు బదులు పోయేవారు. ఇవాళ మీ పొలంలో నేను వంగితే, రేపు నా పొలంలో మీరు వంగాలి, అంతే. ఆ వానాకాలం అవ్వ, అంటే మా అమ్మ, ఎనిమిది ఇళ్లవాళ్లకు నాటు వేసి వచ్చింది. తీరా మా వంతు వచ్చేసరికి గట్టు మీద జారి కాలు బెణికించుకుంది. మా నాన్న, బాపు, పొలం దున్ని, నీళ్లు పెట్టి ఉంచాడు. నారు ముదురుతోంది. ఇంకో రెండు మూడు రోజులు దాటితే అది పశువుల పాలే. మాకు ఏడాది తిండి ఆ మడిలోంచే రావాలి. "ఎనిమిదిండ్లల్ల బొట్టు పెట్టి, రేపు మా నాటు అని చెప్పి రా బిడ్డా," అని అవ్వ కుంకుమ భరిణె నా చేతిలో పెట్టింది.

నాకేమో మనుషుల ముందు నోరు పెగలదు. బడి నోటుపుస్తకంలోంచి కాగితాలు చింపి ఎనిమిది చీటీలు రాశాను: "మీ నుండి మాకు ఒక రోజు రావలసి ఉన్నది. రేపు ఉదయము రావలెను." ఆ వాక్యం నాకెంతో ముచ్చటగా తోచింది. అందరూ పొలాల్లో ఉన్న వేళ చూసి తలుపు సందుల్లో దోపి వచ్చాను. అందరికీ చెప్పినవా అని అవ్వ అడిగితే, తల ఊపాను.

మర్నాడు పొద్దెక్కినా మా గట్టు మీదికి ఒక్కరూ రాలేదు. ఆ ఇళ్లలో ఎవరికీ చదువు రాదు. తలుపులో కాగితం కనబడితే వాళ్లకు తెలిసింది ఒకటే, శిస్తు బాకీకి వచ్చే తహసీలు నోటీసు. భయపడి, ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ దగ్గరికి పరుగెత్తారట. ఆయన ఒక్కొక్కటే పదిమందిలో గట్టిగా చదివి నవ్వాడట. బాపు ఈ కబురు తెచ్చినప్పుడు అవ్వ నన్ను తిట్టలేదు. భరిణె మళ్లీ చేతిలో పెట్టి, "గిప్పుడన్న నోటితోని చెప్పు," అంది.

మొదటి ఇల్లు వరుసకు నాకు పెద్దవ్వ అయ్యే ఆవిడది. ఆవిడ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"ఏం పట్వారమ్మా, ఇయ్యాల కాయితం తేలేదా?"

లోపల కోడలు కిసుక్కున నవ్వింది.

"తప్పయింది పెద్దవ్వా."

"నాటుకైతే బొట్టు పెట్టి పిలుస్తరు. బాకీకైతే కాయితం పెడ్తరు. నువ్వు దేనికొచ్చినవే?"

"నాటుకే," అన్నాను. వినబడలేదంది. మళ్లీ అన్నాను. మూడోసారి వాకిట్లోకి వినబడేట్టు, "రేపు మా నాటు, నువ్వు రావాలె పెద్దవ్వా!" అన్నాను.

అప్పుడు బొట్టు కోసం నుదురు ముందుకు వంచింది. "గట్ల చెప్పు. మీ అవ్వ మా పొలంల వంగింది మాకు యాదికి లేదా? నీ కాయితం జూసి కాళ్లు చేతులు చల్లబడె గదనే!"

ఎనిమిది ఇళ్లలోనూ అలాగే చెప్పాను. ఆరో ఇంటికి వచ్చేసరికి గొంతు వణకడం మానింది. మర్నాడు పొద్దున్నే తొమ్మిది మంది వచ్చారు. తొమ్మిదో మనిషి పెద్దవ్వ కోడలు. ఇంటికి ఒక్కరే బదులు గనుక ఆమె రానవసరం లేదు. "నాకు బొట్టు లేదు, కాయితం గూడ రాకపాయె," అని నిష్టూరమాడుతూనే మడిలో దిగింది. మధ్యాహ్నం దాటేసరికి మడి అంతా పచ్చబడింది. గట్టు మీద కాలు చాపుకుని కూర్చున్న అవ్వ, ఎన్నాళ్లకో, హాయిగా నవ్వింది.

ఆ కోడలికి మేము బాకీ పడ్డ రోజు తీర్చడానికి, అవ్వ కాలు ఇంకా నయం కాలేదు గనుక, తరువాతి వారం నేనే పోయాను. నా వరుస పాము పోయినట్టు వంకరగా వచ్చింది. ఆమె నవ్వుతూ నా వెనకాలే సరిచేసింది. ఇప్పుడు నా రోజులన్నీ నావే, సెలవులతో సహా. కానీ ఆ వానాకాలం మొత్తంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పూర్తిగా నాకు జ్ఞాపకంగా మిగిలిన రోజు మాత్రం, ఇంకొకరికి ఇచ్చేసిన ఆ ఒక్కటే.