మావయ్య ముక్కుకి ట్రయల్

మా మావయ్య ట్రయల్ చూడకుండా ఈ లోకంలో ఏదీ కొనడు. నలభై ఏళ్లు దర్జీ పని చేసి చేసి పట్టిన జబ్బిది. గొడుగు కొంటే దుకాణం వెనక పంపు విప్పించి, గొడుగేసుకుని దాని కింద నిలబడ్డాడు. మంచం కొనబోయి దాని మీద దుప్పటి ముసుగేసి పడుకుని, గంటన్నర తర్వాత లేచి, కాళ్ల దగ్గర బిగుతుగా ఉందన్నాడు. మంచం బిగుతేమిటండీ అని ఆ దుకాణం యజమాని నన్ను అడిగాడు. నాకేం తెలుసు? నేను మేనల్లుణ్ణి, అంతే. బండి నడిపేదీ నేనే, ఆయన తరఫున తిట్లు తినేదీ నేనే.

అలాంటి మనిషికి డాక్టరుగారు ఊపిరి మిషను రాసిచ్చారు. నిద్రలో గంటకి ముప్ఫైనాలుగు సార్లు మావయ్యకి ఊపిరి ఆగిపోతోందట. ముక్కుకి ఒక తొడుగు, దానికో గొట్టం, ఆ గొట్టంలోకి గాలి కొట్టే పెట్టె. రోజూ అది పెట్టుకునే పడుకోవాలనీ, లేకపోతే గుండె మీదికి వస్తుందనీ మొహమాటం లేకుండా చెప్పారు. అత్తయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. మావయ్య మాత్రం, ట్రయల్ చూడనిస్తారా అని అడిగాడు.

మొదటి దుకాణానికి ఇంటి నుంచి తన దిండూ దుప్పటీ పట్టుకొచ్చాడు. తొడుగు తగిలించుకుని బల్ల మీద ఎడమకి దొర్లి, కుడికి దొర్లి, బోర్లా పడ్డాడు. లోపలికి వచ్చినవాళ్లు ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకుని దారి వదిలారు. తర్వాత లేచి, తలకి బిగించే పట్టీ కుట్టు తిరగేసి చూసి, ఇది కత్తిరించినవాడు జన్మలో తలకాయ చూసి ఉండడని తేల్చాడు. రెండో దుకాణంలో తొడుగు పక్కనుంచి గాలి పోతోందని టేపు తీసి తన ముక్కు కొలుచుకున్నాడు. అంతటితో ఊరుకోకుండా అమ్మే ఆయన ముక్కూ కొలిచి, ఇది మీకు సరిగ్గా సరిపోతుంది, మీరే ఉంచుకోండి అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇలా పదిహేను రోజులు గడిచాయి. ఇంట్లో అత్తయ్య కళ్లు లోతుకి పోయాయి. పాలు పొంగి పొయ్యి ఆరిపోతున్నా తెలియకుండా అక్కడే నిలబడి తూలుతోంది. మావయ్య గురక పక్కన ఎవరికి నిద్ర పడుతుంది? ఇన్నేళ్లూ ఆవిడ నిద్ర మింగేసింది చాలక, ఇప్పుడు పట్టీలకి వంకలు పెడతాడా ఈ పెద్దమనిషి?

మూడో దుకాణంలో అమ్మే ఆవిడకి ఓపిక ఎక్కువ. తొమ్మిది తొడుగులు మార్చి పదోది పెట్టింది, అది కుదిరింది. కుట్టు బాగుంది, పట్టీ ఒరుసుకోలేదు, బోర్లా పడుకున్నా గాలి పోలేదు. మిషను కూడా అన్నిటికన్నా కొత్తది, పిసరంత చప్పుడు లేదు. అమ్మయ్య అనుకుని నేను దిండూ దుప్పటీ సంచిలో కుక్కేశాను.

"తొడుగు బాగుందమ్మా. మిషనే, చప్పుడు రావట్లేదు. వేరేది చూపించు" అన్నాడు మావయ్య.

చప్పుడు రాకపోవడమే దీని గొప్ప అని ఆవిడ చెప్పింది. ఆయన వింటేగా. చివరికి ఆవిడ పైఅరలోంచి పాతరకం ఒకటి దింపి, పని ఒకటే కానీ ఇది బుస్సుమంటుందనీ, అందుకే ఎవరూ తీసుకోరనీ చెప్పింది. మావయ్య మొహం వెలిగిపోయింది.

ఇక నావల్ల కాలేదు. ఆ రోజు మాతో వచ్చిన అత్తయ్య గుమ్మం దగ్గర కుర్చీలో ఉంది. ఆవిడకి వినపడకుండా ఆయన్ని పక్కకి లాగాను.

"నీకు మనసనేది ఉందా మావయ్యా? నీ గురకతో ఆవిడ నిద్రపోయి ఎన్నేళ్లయింది? ఇప్పుడు వెతికి వెతికి మోత చేసేదే కొంటావా?"

"ఒరేయ్, మీ అత్తయ్య గురకకి లేవదురా. గురక ఆగితే లేస్తుంది. లేచి నా ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంది. ఇది పెట్టుకుంటే నాకు గురక ఉండదంట. మిషనూ నోరెత్తకపోతే, తెల్లార్లూ ఆ వేలు తియ్యదు."

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. మరి ఆ రెండు దుకాణాల్లోవాటికి ఏమొచ్చిందని అడిగాను. అవి నిజంగానే దరిద్రంగా ఉన్నాయన్నాడు.

పాత మిషను పెట్టుకుని బల్ల మీద వాలి, అత్తయ్యని పక్కన కూర్చోమన్నాడు. అది బుస్సుబుస్సుమంటూ గాలి కొట్టడం మొదలుపెట్టింది. ఆవిడ అలవాటుగా ఒకసారి వేలు చాపింది, ఆగి విన్నది, చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. పది నిమిషాలకి తల గోడకి వాలిపోయింది. మిషను కట్టేద్దామని దుకాణం ఆవిడ వస్తే, మావయ్య పడుకునే రెండు చేతులూ జోడించి వద్దని సైగ చేశాడు. క్షణం నోరు మూసుకోని మనిషి, రెండు గంటలు అలాగే కదలకుండా పడుకున్నాడు. ఆవిడ షట్టరు సగం దించింది. నేను భోజనం మాట ఎత్తలేదు.

అత్తయ్య లేచి, సిగ్గుపడి చీర సర్దుకుని, ఇంతకీ ఏది తీసుకుంటున్నారని అడిగింది. మావయ్య ముక్కు మీద తొడుగు చూపించాడు.

"చప్పుడు మరీ ఎక్కువ కదా అత్తయ్యా?" అన్నాను నేను.

"చప్పుడా? ఏదీ?" అంది అత్తయ్య.