ర్యాంపు మీద హొందర్రిబియా

ఖతార్ దేశం మొత్తం మీద కొండ ఎక్కిన మొట్టమొదటి మనిషి సీతాలక్ష్మి. డేగలు ఎగిరి ఉంటాయేమో గానీ ఎక్కలేదు. ఒంటెలు అసలు ఆ ఊసే ఎత్తలేదు. అక్కడ కొండలే లేవు కదా అనేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

సీతాలక్ష్మిది కాకినాడ. ఉంటున్నది దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలోని కొడుకు ఇంట్లో. మాట గట్టిది, మోకాళ్ళే అంత గట్టివి కావు. ఆ వేసవికి కొడుకు గురుప్రసాద్ అందరికీ స్పెయిన్ ప్రయాణం ఏర్పాటు చేశాడు. స్పెయిన్‌కి ఆ చివర, బాస్క్ వాళ్ళ సీమలో, హొందర్రిబియా అనే పాత కోట ఊరు. నది దాటితే ఫ్రాన్సే. గైడు వెంట నడుస్తూ ఆ ఊరు చూడాలి. కోట ద్వారంలో మొదలుపెట్టి, రాళ్ళు పరిచిన వీధి ఎక్కి, చర్చి దాటి, పైనున్న రాజుగారి కోట దాకా.

"నడక టిక్కెట్లు మా ముగ్గురికే తీస్తానమ్మా," అన్నాడు గురుప్రసాద్ భోజనాల దగ్గర. "అంతా ఎత్తు. నువ్వు హోటల్లో హాయిగా కూర్చో. బాల్కనీలోంచి నది కనిపిస్తుందట."

"గోదావరి చూసినదాన్ని. నది చూడ్డానికి అంత దూరం రావాలిట్రా?"

అంతే, మజ్జిగన్నం తినకుండా లేచిపోయింది. కోడలు ఇంద్రజకు గుండెల్లో రాయి పడింది. మజ్జిగ వదిలేసిందంటే అత్తగారు ఏదో పెద్ద పనే తలపెట్టిందన్నమాట.

మర్నాడు మనవరాలు అక్షర చేత, అంటే ఇది రాస్తున్న పిల్ల చేత, ఫోన్లో ఆ ఊరి పటం తీయించి చూసింది. ఎత్తు ఎక్కడం అలవాటు కావాలి. దోహా చూస్తే చపాతీ పీటలా చదును. మెట్లున్నాయి గానీ మెట్లు వేరు, వాలు వేరు. ఆలోచించి ఆలోచించి సాయంత్రం లిఫ్టులో కిందికి దిగింది. బేస్‌మెంట్‌లోంచి రోడ్డు మీదికి కార్లు ఎక్కే ర్యాంపు కనిపించింది.

వాచ్‌మన్ పోశన్న పరుగెత్తుకొచ్చాడు. జగిత్యాల మనిషి.

"ఏం పోయిందమ్మా, గిట్ల దేవులాడుతున్నరు?"

"ఏం పోలేదు పోశన్నా. హొందర్రిబియా వెళ్తున్నాను."

"గదేడుందమ్మా? గీ పక్క పేట నజ్మా అవుతలనా?"

"నీ ర్యాంపు మీదే."

ఆ రోజు సగం ఎక్కి గోడ పట్టుకుని నిలబడిపోయింది. పోశన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె దాని వంక కూడా చూడలేదు.

తర్వాత ఆమె రోజూ రావడం చూసి పోశన్న ర్యాంపు పొడుగునా సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. కింది స్తంభం కోట ద్వారం. మధ్యలో మోటారు గది చర్చి. పైన షట్టరు దగ్గర రాజుగారి కోట. మూడో అంతస్తు ఖమర్ సుల్తానా కూడా చేరింది, హైదరాబాదీ.

"ఆగండి ఆంటీ, మీ చర్చి కాడ జర కూసుంటా."

"కూర్చుంటే గైడు వదిలేసి వెళ్తాడు. నడు నడు!"

ఒకరోజు కారాయన వెనక నుంచి హారన్ మోగించాడు. సీతాలక్ష్మి చెయ్యెత్తి, "కాస్త ఆగు నాయనా, కోట ద్వారం దాటుతున్నాం," అంది. తెలుగు ముక్క రాని ఆ పెద్దమనిషి బుద్ధిగా ఇంజను ఆపేశాడు.

ప్రయాణం దగ్గర పడింది. అమ్మ ఇంట్లో కనబడక గురుప్రసాద్ వెతుక్కుంటూ బేస్‌మెంట్‌కి వచ్చాడు. ఆఫీసు బూట్లు, మెడలో కంపెనీ కార్డు, ఈ మధ్యే పెంచిన బొజ్జ.

"ఏంటమ్మా ఇది?"

"నాతో పైదాకా నడువు. నేను ముందు ఆగితే హోటల్లోనే కూర్చుంటాను. మారు మాట్లాడను."

గురుప్రసాద్ నవ్వి, చకచకా నాలుగు అంగలు వేశాడు. సీతాలక్ష్మి వేగం పెంచలేదు. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, గోడ వైపు చూడకుండా, తన నడక తాను నడిచింది. మోటారు గది దగ్గర కొడుకు నడుం మీద చేతులు వేసుకుని వగరుస్తున్నాడు. పక్కనుంచే వెళ్తూ, "ఎడమవైపు చర్చి చూడండి," అంది గైడులా.

షట్టరు చేరాక వెనక్కి తిరిగింది. ఖమర్ సుల్తానా చప్పట్లు కొట్టింది. పోశన్న ఆ ప్లాస్టిక్ కుర్చీనే తెచ్చి గురుప్రసాద్ వెనక వేశాడు.

"కూసోండి సార్. హోటల్ల బాల్కనీ మీకే పనికొచ్చేటట్టుంది."

గురుప్రసాద్ కుర్చీలో కూలబడి, పగలబడి నవ్వి, అక్కడే ఫోన్ తీసి నాలుగో టిక్కెట్టు కొన్నాడు. ఆ రాత్రి సీతాలక్ష్మి మజ్జిగ రెండుసార్లు పోసుకుంది.

హొందర్రిబియాలో అసలు ద్వారం కింద నిలబడి, పైకి పోయే వీధిని ఆమె అలా ఓసారి చూసింది. "మోటారు గది ఎక్కడే?" అని మనవరాల్ని అడిగి, ఎక్కేసింది.

ఇదంతా రాసి అక్షర నాయనమ్మకు చదివి వినిపించింది. చివర్లో ఇంకో ముక్క చేర్చింది, ఆ దెబ్బతో మోకాళ్ళ నొప్పులు మాయమైపోయాయని.

"అది కొట్టెయ్. మాయమయ్యాయని ఎవడు చెప్పాడే నీకు? రోజూ నొప్పే. నొప్పితోనే ఎక్కానని రాయి."