ఇచ్చామని చెప్పిన కాగితాలు

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. అమ్మ గుమ్మానికి నిమ్మకాయ కడితే పప్పులో పిండుకుందామని ఏడిపించేదాన్ని. నేను పీహెచ్‌డీ చేసింది రక్తం మీద. మైక్రోస్కోపులో కనిపించనిది లేనట్టే లెక్క నాకు.

పరిశోధన కోసం గంగారం దగ్గరి ఒక తండాలో రక్త నమూనాలు తీసుకున్నాను. సికిల్ సెల్ అని, రక్తకణాలు కొడవలిలా వంగిపోయి పిల్లలను ఒళ్లు నొప్పులతో పీడించే జబ్బు. సూది చూసి అందరూ వెనక్కి తగ్గితే చాంది అనే ముసలావిడ తెల్ల గాజుల చెయ్యి ముందుగా చాచింది. తర్వాత పదేళ్ల మనవరాలినీ కూర్చోబెట్టింది. రిపోర్టులు నేనే తెచ్చిస్తానని ఆమెకు మాటిచ్చాను.

మనవరాలికి జబ్బుందని తేలింది. అయినా వెళ్లలేదు. ముందు థీసిస్ పని అన్నాను, తర్వాత తెలంగాణ సమ్మెలో బస్సులు లేవన్నాను. థీసిస్‌లో మాత్రం ఫలితాలను కుటుంబాలకు అందజేశామని రాసేశాను. అందరూ అలాగే రాస్తారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

యూనివర్సిటీ మూతపడి నర్మెట్టలో మా ఇంట్లో ఉన్న రోజుల్లో పోస్ట్‌డాక్‌కు, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగానికి, ఫోన్లో ఇంటర్వ్యూ జరిగింది. పొద్దున పదకొండు గంటలు. తలుపు వేసుకుని ఇంగ్లిష్‌లో మాట్లాడాను. చివర్లో ఒకాయన, ఆ కుటుంబాలకు రిపోర్టులు ఇచ్చారా అని అడిగాడు. ఇచ్చామన్నాను. గొంతు కూడా తడబడలేదు.

తలుపు తీసేసరికి వాకిట్లో చాంది నిలబడి ఉంది. మోచేతి దాకా అవే తెల్ల గాజులు.

"ఇచ్చినమన్నవట గద బిడ్డా. మా పిల్ల కాయిదం మాకియ్యలె."

సిగ్గుతో చచ్చిపోయాను. కూర్చోమని కూడా అనలేదు. బస్సులు నడవగానే తెస్తానని నసిగాను. నీళ్లు తెద్దామని లోపలికి వెళ్లి వచ్చేసరికి లేదు. వాకిట్లోనే చింతపండు గింజలు తీస్తున్న అమ్మను అడిగితే, ఎవరూ రాలేదని, నేనే నిలబడి గొణుక్కుంటున్నానని అంది.

అప్పుడైనా బయలుదేరాలి కదా. ఉద్యోగం వచ్చిందన్న కబురు అంది, బస్సులు మొదలై, ఇంకో నెల గడిచాక వెళ్లాను.

చాంది సమ్మె మొదలుకాకముందే చనిపోయిందని ఆమె కోడలు చెప్పింది. నేను ఇంటర్వ్యూలో మాట్లాడిన నాటికి దినాలు కూడా అయిపోయాయి. పిల్ల మంచంలో కాళ్లు ముడుచుకుని పడుకుంది. అన్నాళ్లూ వాతం నొప్పులనుకుని ఊళ్లో సూదులు వేయించారట. నేనిచ్చిన కాగితాన్ని కోడలు రెండు చేతులతో అందుకుంది.

"అడుగనీకి నేనే వస్తనన్న మేడం. అత్తనే వద్దన్నది. సచ్చేముందర గూడ అదే మాట. ఆ పిల్ల మాటిచ్చింది, తప్పక తెస్తది, పోయి సతాయించకు అన్నది."

మర్నాడు పిల్లను మహబూబాబాద్ దవాఖానకు నేనే తీసుకెళ్లాను. ఆ ఉద్యోగంలోనూ చేరాను, ఆ అబద్ధం మీదే.

అంతగా నన్ను నమ్మి పోయిన మనిషి నిలదీయడానికి ఎందుకు వస్తుంది? మరి ఆ రోజు వాకిట్లో నిలబడి అడిగింది ఎవరో, నాకు ఇప్పటికీ తెలియదు.