అత్తగారి ఆఖరి ప్రకటనలు

అత్తగారిది బస్టాండులో మైకు ఉద్యోగం. పెళ్ళికి ముందు చేరి, జుట్టు తెల్లబడి రిటైరయ్యేదాకా అదే అద్దాల గది, అదే కుర్చీ. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్ల తప్పిపోయి ఆఫీసులో కూర్చుని ఏడుస్తోందో ఊరందరికీ ఆవిడ గొంతే చెప్పాలి. ఆవిడ ముఖం ఎరిగినవాళ్ళు తక్కువ, గొంతు ఎరగనివాళ్ళు లేరు. కూరల కొట్లో "అరకిలో ఇవ్వు బాబూ" అంటే చాలు, పక్కనున్నవాళ్ళు ఉలిక్కిపడి తమ సంచులు తడుముకునేవాళ్ళు.

ఆ ఉద్యోగంలో ఒక చిక్కుంది. కుర్చీ వదిలి లేవడానికి లేదు. బాత్రూమేమో బస్టాండు అవతలి చివర. వెళ్ళొచ్చేలోగా ఓ బస్సు చెప్పాపెట్టకుండా కదిలిపోతుంది, జనం వచ్చి అద్దం బద్దలుకొడతారు. అందుకని డ్యూటీలో ఆవిడ నీళ్ళు ముట్టేది కాదు. గొంతు తడవడానికి ఒక గుక్క, అంతే. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు వదల్లేదు. పక్కగదిలోనే బాత్రూము ఉన్నా, మంచినీళ్ళ గ్లాసు ఇస్తే "ఇందాకేగా తాగాను" అని పక్కకు నెట్టేసేది.

వదలని అలవాటు ఇంకొకటి కూడా ఉంది. ఇంట్లోనూ ప్రకటనలే. కొడుకు పొద్దున్నే బాత్రూములో దూరి తలుపేసుకుంటే బయట నిలబడి అందుకునేది.

"ప్రయాణికులకు గమనిక! కొడుకుగారు స్నానాలగది నుండి బయలుదేరుటకు మరికొంత ఆలస్యమగును. క్యూలో ఉన్న కోడలుగారికి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము!"

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను!" అని లోపల్నుంచి కొడుకు కేక. కోడలికి నవ్వాగేది కాదు.

కోడలు ముందుగదిలో మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టేది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు పని అయిపోయినా కదిలేవాళ్ళు కాదు, ముసలావిడ ప్రకటన ఒకటి వినిపోదామని. అత్తాకోడళ్ళకు పడదంటారుగానీ, వీళ్ళిద్దరికీ భలే పొత్తు. ఆవిడ దీన్ని "ఏమే" అనేది, ఇది ఆవిణ్ణి "మీరు" అంటూనే ఆటపట్టించేది.

స్కూళ్ళు తెరిచే రోజులొచ్చాయి. కోడలికి తల ఎత్తే తీరిక లేదు. ఆ రోజుల్లోనే అత్తగారు మాటిమాటికీ బాత్రూముకి వెళ్ళడం మొదలుపెట్టింది. వెళ్ళడం, ఇలా వచ్చి కూర్చోవడం, మళ్ళీ లేవడం.

"ఏంటత్తయ్యా, సిటీ బస్సులా ట్రిప్పులు కొడుతున్నారు?" అంది కోడలు, మిషను ఆపకుండా.

ఆవిడ మామూలుగా అయితే ఊరుకునే రకం కాదు, దీటుగా ఏదో ఒకటి అంటించేది. ఆ రోజు మాత్రం దగ్గరకొచ్చి, ఎవరైనా వింటున్నారేమోనని గుమ్మంవైపు చూసి, గొంతు తగ్గించింది.

"మంటగా ఉందే. వెళ్తే రెండు చుక్కలు. వచ్చి కూర్చుంటే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. పొత్తికడుపులో సలుపుతోంది."

"వేడి చేసింది అత్తయ్యా. నీళ్ళు తాగరుగా మరి! తాగండి, అదే పోతుంది."

ఈ వేడి చెయ్యడం అనే మాట ఒకటుంది చూశారా, దాన్ని పట్టుకుని తన్నాలి. కళ్ళు మండితే వేడి, నోరు పూస్తే వేడి, ఒంటేలు మండినా వేడే. ఆ మాట అనేస్తే రోగానికి పేరు పెట్టేసినట్టే, ఇక డాక్టరు మొహం చూసే పనిలేదు. కోడలికి ప్రేమ లేక కాదు. చేతిలో పని, నోట్లో మాట, రెండూ సిద్ధంగా ఉన్నాయి. అనేసింది. మంట ఉన్నప్పుడు నీళ్ళు తాగితే మళ్ళీ వెళ్ళాలి కదా అని ఆవిడ ఆ ఒక్క గుక్క కూడా మానేసింది. కొడుకుతో చెప్పుకోవడానికి సిగ్గు. బాత్రూములో వాసన తేడాగా ఉందని కోడలికి తెలిసింది, ఫినాయిల్ పోసి కడిగి ఊరుకుంది.

తర్వాత ఒక మధ్యాహ్నం గది నిండా జనం ఉండగా, అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడి బస్సులు చెప్పడం మొదలుపెట్టింది. ఊళ్ళ పేర్లు, ప్లాట్‌ఫారాల నంబర్లు, ఒకదాని వెంట ఒకటి. గొంతు కాస్త వణికింది. అందరూ పడీపడీ నవ్వారు. ఒకావిడ చప్పట్లు కూడా కొట్టింది. అత్తగారు వాళ్ళవైపు తెల్లబోయి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ముసలావిడ నటన కూడా నేర్చిందని కోడలు మురిసిపోయింది.

మర్నాడు అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు. కోడలి ముఖంలోకి చూసి, ఎంతో మర్యాదగా అడిగింది.

"అమ్మా, మీరు ఇక్కడివారేనా? నేను ఇంటికెళ్ళాలి. ఎటు వెళ్ళాలో కాస్త చెబుతారా?"

ఇన్నేళ్ళుగా "ఏమే" అన్న మనిషి "మీరు" అంది. అక్కడైనా ఆగి చూడాల్సింది. ఆగలేదు. కోడలు కూడా వేషం కట్టింది.

"మీ ఇంటి బస్సు ఇప్పుడే వెళ్ళిపోయిందండీ. మళ్ళీ రేపే!" అని పకపకా నవ్వింది.

అత్తగారు నవ్వలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కూర ఘాటుకి కళ్ళు చెమర్చాయేమో అనుకుని కోడలు కంచం తీసేసింది.

సాయంత్రానికి ఆవిడ మంచం మీద ముడుచుకుపోయి వణుకుతోంది. ఒళ్ళు ముట్టుకుంటే కాలడం లేదు, చేతులు చల్లగా ఉన్నాయి. "అత్తయ్యా" అంటే కళ్ళు తెరిచి మూస్తోంది. ఇది నటన కాదని కోడలికి అప్పుడు తెలిసింది. మొగుడికి ఫోను చేసి, పక్కింటివాళ్ళ కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

మూత్రంలో ఇన్ఫెక్షను, రక్తంలోకి పాకింది, బతుకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమంది డాక్టరమ్మ. సెలైను పెడుతూనే కోడల్ని అడిగింది.

"మంట అనీ, మాటిమాటికీ వస్తోందనీ ఏమైనా అన్నారా?"

"అన్నారండి. వేడి అనుకున్నాను."

"మాట తీరులో తేడా ఎప్పట్నించి?"

"నిన్నట్నించి."

"మరి నిన్న ఎందుకు తీసుకురాలేదమ్మా? పెద్దవాళ్ళకు అన్నిసార్లూ జ్వరం రాదు. ఉన్నట్టుండి మనిషి తికమకపడితే కారణం ఏదైనా కావచ్చు, ఆ రోజే చూపించాలి. మంట అన్నప్పుడే ఒక్క పరీక్ష చేయించి మందు మొదలుపెడితే ఇంతదాకా వచ్చేది కాదేమో. నిన్న మీరేం చేశారు?"

కొడుకు కూడా పెళ్ళాం వైపు తిరిగాడు. ఆమె నేలచూపులు చూసింది.

"నవ్వామండి" అంది.



అత్తగారు బతికింది. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు కాళ్ళూ చేతులూ సన్నబడి ఇంటికొచ్చింది. కోడలు గంటగంటకీ దగ్గరుండి నీళ్ళు తాగించింది. మందులు చివరి బిళ్ళ దాకా మింగించింది. కాస్త మంట అన్నా, ఒక్క మాట తడబడ్డా మిషను అక్కడే వదిలేసి ఆసుపత్రికి బయలుదేరేది. కానీ ముసలావిడ మళ్ళీ ప్రకటన చెయ్యలేదు. కొడుకు బాత్రూములో ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఇల్లు మూగబోయిందని అతను ఒకసారి అన్నాడు, భార్య ముఖం చూసి మళ్ళీ అనలేదు.

ఒకరోజు కోడలు తల దువ్వుతుంటే ఆవిడే కదిపింది.

"ఆసుపత్రికి వెళ్ళేముందు నాకో పాడుకల వచ్చిందే. మా బస్టాండులోనే తప్పిపోయాను. నాకు తెలియని గోడ లేదక్కడ, అయినా దారి తెలియట్లేదు. భయమేసింది. ఎవర్నడిగినా నవ్వుతున్నారు. ఒకావిడ మంచిదానిలా కనిపిస్తే దగ్గరకెళ్ళి అడిగాను. బస్సు వెళ్ళిపోయిందని చెప్పి అదీ నవ్వింది."

కోడలి చేతిలో దువ్వెన ఆగిపోయింది. చెప్పకుండా ఉండిపోవచ్చు. ఉండలేకపోయింది.

"అది కల కాదత్తయ్యా. ఆ నవ్విందాన్ని నేనే."

అత్తగారు వెనక్కి తిరిగి చూసి, చిన్నపిల్లను కసిరినట్టు కసిరింది.

"ఛ, ఊరుకోవే! నాకు తెలీదూ? నువ్వే ఉంటే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేదానివి."